కాచినా పోనిది

(ఒంగోలులో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

తాగే నీళ్లను ఎలా శుభ్రం చేయాలని ఐదో తరగతి పిల్లవాడిని నిద్రలో లేపి అడిగినా తడుముకోడు. ‘కాచి, చల్లార్చి, వడగట్టి తాగాలి’ అంటాడు. కలరా, టైఫాయిడ్ విషయంలో ఆ జవాబుకు తిరుగులేదు. కనిగిరి, పొదిలి పల్లెల్లోని, ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లకు మాత్రం అది పనికిరాదు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుంది కూడా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం.

ఈ సంగతి చెప్పడం ఒక్క వాక్యం పని. పిల్లవాడు దాన్నీ కంఠస్థం చేస్తాడు, పరీక్షలో రాస్తాడు. ‘కాస్తే ఏది పోతుంది, ఏది మిగులుతుంది?’ అన్న అనుమానం వాడికి రావాలంటే వాక్యాలు చాలవు.

అనుమానపడటం ఈ నేలకు కొత్తేమీ కాదు. కనిగిరి, పొదిలి ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1930లలో, ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని ముందుగా గమనించింది రైతులే. ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మనుషుల్లో దాని గురించి షార్ట్ అనే వైద్యుడి బృందం వైద్య పత్రికలో రాసింది 1937లో. రైతు దగ్గర ప్రయోగశాల లేదు. రోజూ చూసే ఎద్దు నడకలో తేడాను పట్టుకున్న కన్ను ఉంది.

తరగతిలో ఒక పని చేయించండి. రెండు స్టీలు పళ్లేలు చాలు. ఒకదానిలో కార్తీకంలో పట్టి ఉంచిన వాన నీళ్లు, రెండోదానిలో బోరు నీళ్లు పోసి ఎండబెట్టమనండి. ఎవరో ఒకరు ఒక పళ్లేన్ని ఎండలో, ఇంకోదాన్ని వేపచెట్టు నీడలో పెడతారు. వెంటనే సర్దకండి. ‘తేడా వస్తే అది నీళ్ల వల్లా, ఎండ వల్లా?’ అని అడిగి ఊరుకోండి. మనకు ఊరుకోవడమే కష్టం! కాసేపటికి పిల్లలే నీడలోని పళ్లేన్ని ఎండలోకి జరుపుతారు, ఆపై నీళ్లను గ్లాసుతో కొలుస్తారు.

బోరు నీళ్ల పళ్లెంలో తెల్లటి చార మిగులుతుంది. ‘ఇదే ఫ్లోరైడ్ సార్’ అంటారు. ‘ఎలా తెలుసు?’ అనండి. తెల్లగా ఉందంటారు. ఉప్పూ తెల్లనే, సున్నమూ తెల్లనే. నిజానికి ఆ చారలో ఎక్కువ భాగం నీటిలో కరిగి ఉన్న ఇతర లవణాలు. ఫ్లోరైడ్ అంత కొద్దిగా ఉంటే కంటికీ నాలుకకూ తెలియదు, పరీక్ష చేయించాల్సిందే. పిల్లలు ఒక తప్పు నిర్ణయానికి వచ్చి, దాన్ని తామే వదులుకునే ఈ పది నిమిషాలే నాకు సైన్సు పీరియడు. సిలబస్ వెనకబడుతుందని అంటారు. పడనివ్వండి.

ఇక పరీక్ష. ‘నీటిని శుభ్రపరిచే పద్ధతులు రాయుము’ బదులు ఇలా అడుగుదాం: ‘కనిగిరిలో ఒక కుటుంబం బోరు నీళ్లు కాచి తాగుతోంది. వారికి ఏ జబ్బుల భయం తగ్గుతుంది? ఏది తగ్గదు? ఎందుకు?’ ఐదో తరగతి పిల్లలు రాయగలరు. ముప్పై మంది ముప్పై రకాలుగా రాస్తారు కాబట్టి, దిద్దడానికి మనకే కాస్త ఎక్కువ సమయం పడుతుంది.