1,540 గజాల కంటే 875 గజాలే ఎక్కువ చెప్పాయి

అందరికీ నమస్కారం. మనలో చాలామందిమి క్రికెట్ చూస్తూ పెరిగాం. అమెరికా వచ్చాక పిల్లల పుణ్యమా అని ఈ అమెరికన్ ఫుట్‌బాల్‌కి అలవాటు పడ్డాం. ఒక బ్యాట్స్‌మన్ సగటు వినగానే మనం ఊరుకోం కదా! ఏ పిచ్ మీద కొట్టాడు, ఎవరి బౌలింగ్‌లో కొట్టాడు అని ఆరా తీస్తాం. డ్రాఫ్ట్ అంటే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం. దానికి వచ్చే కాలేజీ రిసీవర్ల, అంటే విసిరిన బంతి పట్టి టీమ్‌ని ముందుకు తీసుకెళ్లేవాళ్ల విషయంలోనూ అలాగే అడగాలి. ఈ మాట చెప్పడానికే వచ్చాను.

జస్టిన్ జెఫర్సన్‌తో మొదలుపెడతాను. 2019లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) తరఫున 111 క్యాచ్‌లు, 1,540 గజాలు, 18 టచ్‌డౌన్లు, అంటే బంతిని చివరి గీత దాటించిన స్కోర్లు. ఇంత చేసినా 2020 డ్రాఫ్ట్‌లో అతని పేరు పిలిచేసరికి 21 మంది వెళ్లిపోయారు. వాళ్లలో నలుగురు రిసీవర్లే. ఎందుకలా? టీమ్‌లకి రెండు అనుమానాలు. ఒకటి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జో బరో. ఆ ఒక్క సీజన్‌లో 60 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. ఇంకో పక్క మరో రిసీవర్ జమార్ ఛేజ్, 1,780 గజాలతో. అలాంటి టీమ్‌లో ఎవరికైనా గజాలు వచ్చిపడతాయి అన్నారు. రెండో అనుమానం, జెఫర్సన్ ఆ ఏడాది దాదాపుగా స్లాట్‌లోనే, అంటే మైదానం మధ్యకి దగ్గరగా నిలబడి ఆడాడు. అక్కడ డిఫెండర్ ఎదురుగా మీదపడి అడ్డుకోవడం తక్కువ. అంచున నిలబెడితే నిలబడతాడా అని టెన్షన్.

2019 అంకెల్ని ఎంత తిరగేసినా ఈ రెండింటికీ జవాబు దొరకదు. ఒక్క ఏడాది వెనక్కి వెళ్లండి. 2018లో జెఫర్సన్‌వి 54 క్యాచ్‌లు, 875 గజాలు. పైపైన చూస్తే మామూలే. కానీ అప్పటికి అతనికి 19 ఏళ్లు. బరో అప్పుడే టీమ్‌లోకి వచ్చాడు, సీజన్ మొత్తానికి 16 టచ్‌డౌన్ పాస్‌లే వేశాడు. జెఫర్సన్ ఎక్కువగా అంచునే ఆడాడు. ఆ టీమ్‌లో అతని తర్వాతి రిసీవర్‌కి ఇతని గజాల్లో సగం కూడా లేవు. రెండు అనుమానాలూ అక్కడే తీరిపోతున్నాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ వైకింగ్స్ అతన్ని 22వ నంబరులో తీసుకున్నారు. మొదటి సీజన్‌లోనే 88 క్యాచ్‌లు, 1,400 గజాలు.

అందుకే నేను మొత్తం గజాల జోలికి తర్వాత వెళ్తాను. ముందు వాటా చూస్తాను. టీమ్‌కి పాస్‌ల మీద వచ్చిన గజాల్లో ఇతని వంతు ఎంత? ఆ వంతు ఏ వయసులో తెచ్చుకున్నాడు? 19 ఏళ్ల కుర్రాడు తనకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లని దాటుకుని బంతి తనవైపు తిప్పుకున్నాడంటే, అది 23 ఏళ్లవాడు చేసినదానితో సమానం కాదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. జెఫర్సన్‌కి ముందు, 21వ నంబరులో ఈగల్స్ తీసుకున్న జేలెన్ రేగర్‌కి కూడా ఇదే కొలత మంచి మార్కులు వేసింది. టీసీయూ కాలేజీలో 19 ఏళ్లకే 1,061 గజాలు, టీమ్‌లో పెద్ద వాటా అతనిదే. తర్వాతి ఏడాది 611కి పడిపోయాడు. కొత్త క్వార్టర్‌బ్యాక్ కదా అని సరిపెట్టుకున్నారు. ఆ సర్దుబాటులో తప్పేమీ లేదు, ఆ రోజు నేనైనా అదే అనేవాణ్ణి. కానీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి ఏడాది 31 క్యాచ్‌లు, 396 గజాల దగ్గరే ఆగాడు. వాటా లెక్క చూసి ఎవరిని తేలిగ్గా కొట్టిపారేయకూడదో తెలుస్తుంది. అలా మిగిలిన జెఫర్సన్, రేగర్‌లాంటి ఇద్దరిలో ఎవరు నిలుస్తారో మాత్రం అది చెప్పలేదు.

వేగం గురించి త్వరగా చెప్పేస్తాను. 2017లో జాన్ రాస్ అనే రిసీవర్ 40 గజాలు 4.22 సెకన్లలో పరిగెత్తాడు, అప్పటికి అదే రికార్డు. బెంగాల్స్ 9వ నంబరులో తీసుకున్నారు. గాయాలు వెంటాడిన ఆ మొదటి సీజన్‌లో ఒక్క క్యాచ్ కూడా లేదు. అదే డ్రాఫ్ట్‌లో కూపర్ కప్‌ది 4.62. ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న స్థాయి కాలేజీలో 428 క్యాచ్‌లు పట్టి వచ్చాడు. చిన్న టీమ్‌ల మీద కొడితే ఏం లాభం అన్నది అతని మీదున్న అనుమానం. దానికీ జవాబు వెతకాల్సిన చోట ఉంది. 2016లో పెద్ద స్థాయి టీమ్ వాషింగ్టన్ స్టేట్ మీద ఆ ఒక్క మ్యాచ్‌లో 12 క్యాచ్‌లు, 206 గజాలు. రామ్స్ 69వ నంబరులో తీసుకున్నారు. 2021 సీజన్‌లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, ఆపైన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడి (ఎంవీపీ) అవార్డు.

వాటా లెక్క పూర్తిగా బోల్తాపడిన చోటు టెరీ మెక్లారిన్. ఒహాయో స్టేట్‌లో చివరి ఏడాది 35 క్యాచ్‌లే, వయసు 23. నా పద్ధతిలో అయితే జాబితాలోంచి ఎగిరిపోతాడు. కానీ అది రిసీవర్లు కిక్కిరిసిన టీమ్. 35 క్యాచ్‌లకి 701 గజాలు, అంటే పట్టిన ప్రతిసారీ సగటున 20. బంతి అతనిదాకా రావడమే తక్కువ, వస్తే వృథా పోలేదు. 2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ వాషింగ్టన్ 76వ నంబరులో తీసుకుంటే ఆ ఏడాదే 919 గజాలు తెచ్చాడు.

ఇలాంటివాళ్ల విషయంలోనే పరిగెత్తిన ప్రతి రూట్‌కి, అంటే పాస్ కోసం తీసిన ప్రతి పరుగుకి, ఎన్ని గజాలు అన్న లెక్క పనికొస్తుంది. బంతి వచ్చినా రాకపోయినా, పాస్ ఆటలో పరుగు తీసిన ప్రతిసారీ లెక్కలోకి వస్తుంది. నేను శనివారం రాత్రుళ్లు రూళ్ల నోట్‌బుక్ ఒకటి ఒళ్లో పెట్టుకుని, రిమోట్‌తో ఆపి ఆపి ఇదే చేస్తుంటాను. ఒక్కో రూట్‌కి ఒక గీత. డిఫెండర్‌ని వదిలించుకుంటే ఆ గీత పక్కన చుక్క. బంతి వస్తే చుక్కకి సున్నా చుడతాను. ఒక మ్యాచ్‌కి దాదాపు మూడు గంటలు పడుతుంది. చివరికి చుక్కలు బోలెడు, సున్నాలు నాలుగో ఐదో ఉన్న పేజీ ఒక్కటి దొరికితే చాలు, ఆ రాత్రి నిద్రపట్టదు నాకు.

ముందు వరుసలో ఎవరైనా లైట్లు కాస్త తగ్గిస్తారా? ఒక ఆట వేస్తాను, ఏడు సెకన్లే. పిల్లలందరి దగ్గరా కాగితం ఉంది కదా? ఎవరూ బంతిని చూడొద్దు. స్క్రీన్‌కి ఎడమ చివర ఒక్కడే నిలబడ్డ కుర్రాణ్ణి చూడండి, చుక్క పెట్టాలో వద్దో చెప్పండి.