ముగింపు తెలిశాకే మొదలుపెట్టాలా?

సమన్వయకర్త: నమస్కారం. కథకి ముందే ప్లాన్ వేసుకోవాలా, కలం ఎటు పోతే అటు పోవాలా? సార్, మీది రెండో పక్షం కదా.

కథకుడు: అవునండీ. ముగింపు ముందే తెలిసిపోతే నాకిక రాయబుద్ధి కాదు. విశ్వనాథవారు ‘వేయిపడగలు’ని 1934లో 29 రోజుల్లో చెప్పేశారు. ఆయన చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారు. చార్టులు, కార్డులు ఎక్కడివి?

నవలా రచయిత్రి: ఆ 29 రోజుల మాటే అందరూ చెప్తారు. సుబ్బన్నపేట, ఆ కోట, గుడి, ధర్మారావు, గిరిక, ఇదంతా ఆ నెల్లోనే పుట్టిందంటారా? నేను నమ్మను. చెప్పడానికి 29 రోజులు పట్టింది, అంతే.

కథకుడు: మరి అవధానం? నిషిద్ధాక్షరిలో, ప్రశ్న వేసే పృచ్ఛకుడు ‘ఈ అక్షరం వాడకూడదు’ అంటూ అక్షరం అక్షరానికీ అడ్డం పడతాడు. ఇంట్లో కట్టుకొచ్చిన పద్యం అక్కడ పనికిరాదు.

రచయిత్రి: ఛందస్సు ఉందిగా! గణం, యతి, ప్రాస ముందే ఖాయం. అదీ ప్లానే. పైగా అది నాలుగు పాదాలు. నాలుగొందల పేజీలకి ఆ ధారణ మీకుందా?

కథకుడు: (నవ్వుతూ) నిన్నటి పేజీయే గుర్తుండదండీ.

సమన్వయకర్త: మేడమ్, మీరు వారపత్రికలో సీరియల్స్ చూసేవారు...

మాజీ సంపాదకురాలు: అచ్చయిన భాగాన్ని వెనక్కి లాక్కోలేం, అదీ చిక్కు. మూడో వారం చంపేసిన మనిషి పదో వారం కావాల్సొస్తే కవల తమ్ముణ్ణి దింపాల్సిందే. దింపారు కూడా! అలాగని అంతా ముందే బిగించేసినా సీరియల్‌లో ఊపిరాడదు. నాకు ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ పద్ధతి నచ్చుతుంది. నెలనెలా రాసేటప్పుడు ఒక కాగితం మీద తనకి తనే ప్రశ్నలు వేసుకునేవాడు. ఈ భాగంలో ఫలానా పాత్ర రావాలా? పక్కనే జవాబు: అవును, వద్దు, ఇంకా కాదు. ఆయన నవల ‘బ్లీక్ హౌస్’కి అలాంటి కాగితాలు ఇప్పటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అన్నీ ముందే తేల్చుకున్నవాడికి ఆ ప్రశ్నలెందుకు?

రచయిత్రి: కానీ ఆయన చివరి నవల ‘ఎడ్విన్ డ్రూడ్’ సంగతి? 12 భాగాలనుకున్నాడు, 6 రాసి 1870లో పోయాడు. కథలో మాయమైన డ్రూడ్ ఏమయ్యాడో రాయకుండానే పోయాడు. అందుకే నేను ముగింపు ముందు కాగితం మీద పెడతాను.

కథకుడు: నూటయాభై ఏళ్లుగా జనం దాన్ని తలోరకంగా పూర్తి చేస్తున్నారు కదండీ. మీలా రాసిపెట్టుంటే వాళ్లకా పని దొరికేదా?