లెక్కకు రాని బంతులు పట్టే మనిషి

[దృశ్యం: రాత్రి ఆట. మైదానం చివర, కంచె వెనుక ఒక ఇరుకైన ఆవరణ. ఒకరు బంతి విసురుతున్నారు. ఎదురుగా మరొకరు గొంతుక్కూర్చుని పడుతున్నారు.]

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో లెక్కకు అందని బంతి ఉండదని అంటారు. పిచ్చర్ విసిరిన బంతి ఎంత వేగంతో వెళ్లింది, గాలిలో ఎన్ని చుట్లు తిరిగింది, ఎన్ని అంగుళాలు పక్కకు జరిగింది, అన్నీ క్షణాల్లో తెర మీదికి వస్తాయి. కానీ అదే స్టేడియంలో, అదే రాత్రి, దాదాపు అంతే వేగంతో పడే ఎన్నో బంతులు ఏ స్కోరుకార్డులోనూ ఉండవు. అవి బుల్‌పెన్‌లో, అంటే మైదానం చివర పిచ్చర్లు చేయి వేడెక్కించుకునే ఆవరణలో పడతాయి. వాటిని పట్టే ఉద్యోగం బుల్‌పెన్ క్యాచర్‌ది. బేస్‌బాల్‌లో ఇంత కష్టపడి ఇంత తక్కువగా కనిపించే మనిషి మరొకరు లేరని నా నమ్మకం. అందుకే ఈ వీడియో.

[దృశ్యం: పక్కపక్కన రెండు బొమ్మలు. క్రికెట్ పిచ్, బేస్‌బాల్ మైదానం.]

మనకు అలవాటైన క్రికెట్‌తో మొదలుపెడదాం. క్రికెట్ పిచ్ పొడవు 20.12 మీటర్లు. బేస్‌బాల్‌లో పిచ్చర్ కాలు మోపే పలక నుంచి బ్యాటర్ పక్కన ఉండే హోమ్ ప్లేట్ వరకు 18.44 మీటర్లు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. నేలను తాకకుండా నేరుగా వస్తుంది. ఫాస్ట్‌బాల్ సగటు వేగం ఇప్పుడు గంటకు 150 కిలోమీటర్లు దాటింది. వేగం ఇంత ఉన్నప్పుడు క్రికెట్ కీపర్ పదిహేను, ఇరవై గజాలు వెనక్కి వెళ్లి నిలబడతాడు. క్యాచర్‌కు ఆ అవకాశం లేదు. ప్లేట్ వెనుకనే కూర్చోవాలి.

బేస్‌బాల్ ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. ఆట మొదలుపెట్టిన పిచ్చర్ సాధారణంగా ఐదారు ఇన్నింగ్స్ తర్వాత తప్పుకుంటాడు. ఒకసారి తప్పుకున్నవాడు ఆ ఆటలో మళ్లీ రాకూడదు. మిగతా ఇన్నింగ్స్ రిలీవర్లవి, అంటే తర్వాత దిగే పిచ్చర్లవి. జట్టులోని 26 మందిలో ఏడెనిమిది మంది వాళ్లే ఉంటారు. మౌండ్ మీదికి, అంటే పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ మీదికి వచ్చాక రిలీవర్‌కు దొరికే సన్నాహక బంతులు కొన్నే. కాబట్టి చేయి అంతకుముందే వేడెక్కి ఉండాలి. జట్టు కూర్చునే డగౌట్ నుంచి జట్టును నడిపే మేనేజర్ ఫోన్ చేయిస్తారు, బుల్‌పెన్‌లో ఫోన్ మోగుతుంది, ఫలానా పిచ్చర్ లేస్తాడు. ఎదురుగా మిట్ (క్యాచర్ గ్లవ్) తొడుక్కుని కూర్చోవడానికి ఒకరు కావాలి.

జట్టులోని రెండో క్యాచర్ ఆ పని చేయవచ్చు కదా? ఒకప్పుడు బెంచీ మీది క్యాచర్లే చేసేవారు. కానీ ఆడుతున్న క్యాచర్‌కు దెబ్బ తగిలితే దిగాల్సింది ఆ రెండో వ్యక్తే. బుల్‌పెన్‌లో అతడి వేలు విరిగితే జట్టుకు దిక్కులేదు. అందుకే ఇది విడి ఉద్యోగమైంది. యూనిఫాం అందరిలాంటిదే, వీపు మీద నంబరు కూడా ఉంటుంది. కానీ 26 మంది జాబితాలో పేరుండదు, ఆటలో దిగే హక్కు లేదు, ఆటగాళ్ల కనీస వేతనం వర్తించదు. 2024లో ఆ కనీసం 7,40,000 డాలర్లు.

[దృశ్యం: మధ్యాహ్నం. ఖాళీ స్టేడియం.]

రాత్రి ఏడు గంటల ఆటకు ఆయన పని మధ్యాహ్నమే మొదలవుతుంది. ఐదారు రోజులకోసారి ఆడే పిచ్చర్లు మధ్యలో ఒకరోజు సాధన చేస్తారు. ఆ బంతులు ఆయనే పట్టాలి. గాయం నుంచి కోలుకుంటున్న వాడు భయం భయంగా మొదటిసారి విసిరే పాతిక బంతులూ ఆయనకే. తర్వాత బ్యాటర్ల సాధనకు తానే బంతులు విసురుతారు. ఆట మొదలయ్యాక ఫోన్ మోగినప్పుడల్లా కూర్చోవాలి. వందకు పైగా బంతులు పట్టే రోజులు సాధారణమే. ఫిబ్రవరి మధ్యలో శిక్షణ శిబిరం తెరిచినప్పుడు పిచ్చర్లతోపాటు ముందుగా చేరేదీ క్యాచర్లే. ఆ తర్వాత ఆరు నెలల్లో 162 ఆటలు. ఎడమ బొటనవేలు, చూపుడువేలి మొదలు, మోకాళ్లు. నొప్పి స్థిరపడేది అక్కడే.

అయితే పట్టడం ఒక్కటే పని అనుకుంటే అసలు విషయం జారిపోతుంది. బంతి మిట్‌లో ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి చప్పుడు మారుతుంది. సరైన గుంటలో పడితే ఫట్టుమని మోగుతుంది. అంచుకు తగిలితే చప్పగా ఉంటుంది. మంచి బుల్‌పెన్ క్యాచర్ ఆ మోత మోగించడం నేర్చుకుంటారు. ఎందుకంటే ఇంకో ఐదు నిమిషాల్లో నలభై వేల మంది ముందుకు వెళ్లబోయే పిచ్చర్‌కు తన బంతి బలంగా ఉందని తెలియాలి. అలాగని అబద్ధపు ధైర్యం ఇవ్వకూడదు. స్లైడర్ (పక్కకు తిరిగే బంతి) మలుపు ముందే మొదలవుతోందా, భుజం ముందుగా తెరుచుకుంటోందా, నిన్నటి అలసట ఇంకా ఉందా, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇప్పుడు బుల్‌పెన్‌లలోనూ బంతి తిరుగుడు కొలిచే యంత్రాలు వచ్చాయి. అవి అంకె చెబుతాయి. ఆ అంకెను ఏ క్షణంలో, ఎంత మెత్తగా చెప్పాలో మనిషికే తెలుస్తుంది.

ఒకేసారి ఇద్దరు పిచ్చర్లు లేచే సందర్భాలు ఉంటాయి కాబట్టి చాలా జట్లు ఇద్దరు బుల్‌పెన్ క్యాచర్లను పెట్టుకుంటున్నాయి. ఎవరు లేవాలన్నది ఎంత కీలకమో 2011 వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) ఐదో ఆట చెబుతుంది. ఆర్లింగ్టన్‌లో ప్రేక్షకుల హోరు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ మేనేజర్ టోనీ లా రూసా ఫోన్‌లో జేసన్ మాట్‌ను సిద్ధం చేయమన్నారు. అవతల ఆ పేరు లాన్స్ లిన్ అని వినిపించింది. మాట్ వస్తాడనుకుని చూస్తే మౌండ్ మీదికి వచ్చింది లిన్. ఆ ఆటలో టెక్సాస్ రేంజర్స్ 4–2తో గెలిచింది. సిరీస్ చివరికి కార్డినల్స్‌దే అయినా, మైదానం చివరి ఆ ఆవరణ ఎంత దూరంగా ఉంటుందో ఆ రాత్రి అందరికీ తెలిసింది.

[దృశ్యం: నెమ్మది కదలికలో, నేరుగా వస్తూ చివర్లో పక్కకు కోసుకుపోయే బంతి.]

నాకు అన్నింటికంటే ఇష్టమైన కథ మాత్రం 1997ది. పనామాకు చెందిన మరియానో రివెరాకు ఆ ఏడాదే న్యూయార్క్ యాంకీస్ ఆటలు ముగించే బాధ్యత అప్పగించింది. జూన్‌లో డెట్రాయిట్‌లో ఆటకు ముందు సహచరుడు రామిరో మెండోజాతో బంతులు విసురుకుంటున్నాడు. పట్టు మార్చలేదు, కొత్తగా ఏమీ ప్రయత్నించలేదు. అయినా బంతి చివరి క్షణంలో పక్కకు జరుగుతోంది. మెండోజాకు పట్టడమే కష్టమైంది.

ఆట ముగించాల్సిన పిచ్చర్ చేతిలో బంతి చెప్పిన మాట వినకపోతే భయమే కదా. ఆ కదలికను పోగొట్టాలని కోచ్ మెల్ స్టాటిల్‌మైర్, బుల్‌పెన్ క్యాచర్ మైక్ బోర్జెల్లో రివెరాతో కలిసి కొన్నాళ్లు శ్రమించారు. పోలేదు. చివరికి ఉన్నది ఉన్నట్టే ఉంచేశారు. అదే రివెరా కట్టర్. ఎడమచేతి బ్యాటర్ల బ్యాట్లు విరగ్గొట్టిన బంతి. అది దేవుడిచ్చిన వరమని రివెరా చెప్పుకున్నాడు. 652 సేవ్‌లతో, అంటే జట్టు ఆధిక్యాన్ని కాపాడి ముగించిన ఆటలతో రికార్డు నెలకొల్పాడు. 2019లో గొప్ప ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగులో 425కు 425 ఓట్లు పొందాడు. అంతకుముందు ఎవరికీ అన్ని ఓట్లూ పడలేదు.

ఆ బంతి ఇంకా తప్పుగా కనిపిస్తున్న రోజుల్లో దానికి ఎదురుగా కూర్చున్న బోర్జెల్లో మేజర్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. తర్వాత షికాగో కబ్స్‌లో కోచ్ అయ్యారు. 108 ఏళ్ల నిరీక్షణ తర్వాత 2016లో ఆ జట్టు టైటిల్ గెలిచినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు.

వరల్డ్ సిరీస్ దాకా వెళ్లిన జట్లకు బహుమతి సొమ్ము వస్తుంది. అందులో సిబ్బందిలో ఎవరికి ఎంత వాటా అన్నది ఆటగాళ్లే ఓటు వేసి తేల్చుతారు. బుల్‌పెన్ క్యాచర్ చేసిన పనికి విలువ కట్టేది ఆ బంతులు విసిరిన వాళ్లే.

[దృశ్యం: ఖాళీ బుల్‌పెన్. మట్టిలో కాళ్ల గుర్తులు.]

ఇక ఎవరూ చూడని రాత్రి ఒకటి ఉంటుంది. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక రిలీవర్‌ను లేపారు. ఇరవై బంతులు విసిరాడు, కూర్చోమన్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ లేపారు, మళ్లీ ఇరవై. ఆట ముగిసింది, అతడి అవసరం రాలేదు. రికార్డుల ప్రకారం ఆ రోజు అతడు ఆడలేదు. మర్నాడు మధ్యాహ్నం మేనేజర్‌కు ఒక సందేహం వస్తుంది: ఈరోజు ఇతణ్ని వాడుకోవచ్చా? నిన్న నలభై బంతులు పడ్డాయని, చివరి ఐదారు కాస్త పైకి లేచాయని, భుజం బరువెక్కిందని చెప్పగలిగిన వ్యక్తి అప్పటికే బుల్‌పెన్‌లో మరొకరి బంతులు పడుతూ ఉంటారు.