తుపాకి దించాక నోరు విప్పిన సైనికుడు

[తెరపై: హెబ్రోన్ నగర పటం. ఒక మూల రంగు మారుతుంది.]

పాలస్తీనా ప్రాంతమైన వెస్ట్ బ్యాంకులోని హెబ్రోన్‌ను పాలస్తీనీయులు అల్ ఖలీల్ అంటారు. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ దీన్ని ఆక్రమించింది. ఇజ్రాయెల్, పాలస్తీనీయుల మధ్య కుదిరిన 1997 ఒప్పందంతో నగరం రెండు ముక్కలైంది. పాత నగరం ఉన్న ఐదో వంతు ఇజ్రాయెల్ సైన్యం చేతిలోనే ఉండిపోయింది. అక్కడ వేలాది పాలస్తీనీయుల నడుమ కొన్ని వందల మంది యూదు సెటిలర్లు, అంటే ఆక్రమిత నేలపై వచ్చి స్థిరపడ్డ ఇజ్రాయెలీలు, ఉంటారు. వాళ్ల కోసమే అంత సైన్యం.

ఆ సైన్యంలో పనిచేసినవారే యెహూదా షౌల్. 1982లో జెరూసలేంలో ఛాందస యూదు కుటుంబంలో పుట్టారు. 2001లో, రెండో ఇంతిఫాదా (ఆక్రమణపై పాలస్తీనీయుల తిరుగుబాటు) రగులుతుండగా సైన్యంలో చేరారు.

[దృశ్యం: కొండ వాలున కిక్కిరిసిన ఇళ్లు.]

హెబ్రోన్‌లో అబూ స్నేనా అనే పాలస్తీనా పేట ఉంది. అక్కడి నుంచి సెటిలర్ల ఇళ్ల మీదకు కాల్పులు జరిగేవి. బదులుగా గ్రెనేడ్ మెషిన్ గన్ పేల్చమని షౌల్‌కు ఆదేశం. గురిచూసి ఒక మనిషిని కొట్టే ఆయుధం కాదది. గ్రెనేడు పడిన చోట చుట్టుపక్కల ఎవరుంటే వారు పోతారు. పేల్చేదేమో జనం కాపురాలుండే పేటలోకి! మొదటి రోజు, వీలైనన్ని తక్కువ గ్రెనేడ్లు వెళ్లాలని ట్రిగ్గర్ నొక్కి వెంటనే వదిలేశారట. వారం తిరిగేసరికి, రోజు మొత్తంలో ఉత్సాహం కలిగించే సమయం అదే అయిపోయిందని ఆయనే చెప్పారు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఆ వారమే.

రాత్రి గస్తీ సంగతి కూడా చెప్పాలి. ఏ అనుమానమూ లేని ఇంటి తలుపు కొడతారు. నిద్రలో ఉన్నవారిని లేపి, మగవారిని ఒకవైపు, ఆడవారిని ఒకవైపు నిలబెట్టి ఇల్లంతా సోదా చేస్తారు. తర్వాత మరో ఇల్లు. సైన్యం ఎప్పుడైనా, ఎక్కడికైనా వస్తుందన్న భయం జనంలో ఉండాలి. అంతకు మించి కారణం లేదు.

[దృశ్యం: గోడకు వేలాడే తాళం చెవులు.]

2004లో సర్వీసు ముగిసింది. తోటివారితో మాట్లాడితే అందరి గుండెల్లోనూ అదే బరువు. ఆ జూన్‌లో టెల్ అవీవ్‌లో ఒక ప్రదర్శన పెట్టారు. సైనికులు తీసిన ఫొటోలు, వీడియో వాంగ్మూలాలు, వాటితో పాటు పాలస్తీనీయుల నుంచి సైనికులు లాక్కున్న కారు తాళం చెవులు. ఒక్కో తాళం చెవి వెనుక, కారు వదిలేసి నడిచి వెళ్లిన మనిషి ఒకరున్నారు. ఇజ్రాయెలీ తల్లిదండ్రులు తమ పిల్లలు ఏం చేసి వస్తున్నారో అక్కడ చూశారు. మిలిటరీ పోలీసులు విచారణకు దిగారు.

అలా మొదలైన సంస్థే ‘బ్రేకింగ్ ద సైలెన్స్’. ఇప్పటికి వెయ్యి మందికి పైగా సైనికుల వాంగ్మూలాలు సేకరించింది. చాలామంది పేర్లు బయటపెట్టరు కాబట్టి నమ్మలేమని విమర్శకులంటారు. కానీ సాక్షులెవరో సంస్థకు తెలుసు. చెప్పినదాన్ని సరిచూసుకుని, రహస్యాలు బయటపడకుండా చూసే సైనిక సెన్సార్‌కు పంపాకే ప్రచురిస్తారు.

షౌల్ వాదనలో అసలు సంగతి ఒకటుంది. కొందరు చెడ్డ సైనికులను శిక్షిస్తే సరిపోదంటారాయన. లక్షల మందిని సైనిక పాలనలో ఉంచాలంటే ఈ పనులన్నీ చేయక తప్పదు, అందుకే ఆక్రమణే పోవాలంటారు. నాకూ ఆయన మాటే సరైనదనిపిస్తుంది.

[దృశ్యం: మూసిన దుకాణాల షుహదా వీధి.]

2007లో బీత్సెలెం, మరో హక్కుల సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం హెబ్రోన్ నడిబొడ్డున పాలస్తీనీయులు ఖాళీ చేసిన ఇళ్లు 1,014. ఒకప్పటి పెద్ద బజారు షుహదా వీధికి షౌల్ ఇజ్రాయెలీలనే వెంటబెట్టుకుని వెళ్లి ఇవన్నీ చూపించేవారు. ‘బ్రేకింగ్ ద సైలెన్స్’ లాంటి సంస్థలను బడుల్లోకి రానివ్వకుండా ఆపే అధికారం విద్యా మంత్రికి ఇస్తూ 2018లో ఇజ్రాయెల్ పార్లమెంటు చట్టం చేసింది. పద్దెనిమిదేళ్లకే సైన్యంలోకి వెళ్లేది ఆ బడుల్లోని పిల్లలే.