పారేసే చెక్కతో రీలోడింగ్ ట్రే: ఈ ఫోర్స్‌ట్నర్ బిట్ సెట్ కొనాలా, ఒక్క బిట్ చాలా?

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర మా గరాజ్ నుంచి మాట్లాడుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, బల్ల మీద ఉన్న ఈ 7 ఫోర్స్‌ట్నర్ బిట్ల (చెక్కలో అడుగు చదునుగా ఉండే గుంటలు తొలిచే డ్రిల్ బిట్ల) సెట్ నేను కొన్నది కాదు. కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో కూడా వాళ్లకి ముందుగా చూపించలేదు. ఏం స్టీలు, షాంక్ (డ్రిల్‌లో బిగించే కాడ) ఎంత, వారంటీ ఎన్నాళ్లు, ఇవన్నీ మీరు ఇప్పటికే చూసే ఉంటారు. వాటి జోలికి పోను. పారేసే చెక్కముక్కతో మంచి రీలోడింగ్ ట్రే చేసుకోడానికి ఇవి పనికొస్తాయా లేదా, ఈ రోజు అదొక్కటే చూద్దాం.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. కాల్చేశాక మిగిలిన ఇత్తడి కేసుని పారేయకుండా సైజు చేసి, కొత్త ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడుకోవడమే రీలోడింగ్. ఇక్కడ టెక్సస్‌లో సొంత వాడకానికి చేసుకోవచ్చు. ఇండియాలో సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా దగ్గరుంచుకోవడమే నేరం. అందుకే మనవాళ్లకి ఎప్పుడూ చెప్తుంటాను, రేంజ్‌కి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటికి) తీసుకెళ్లే బ్యాగులో ఊరికెళ్లేటప్పుడు బట్టలు సర్దుకోవద్దండీ అని. అడుగున ఒక్క తూటా మిగిలిపోయినా ఎయిర్‌పోర్టులో కేసు మెడకి చుట్టుకుంటుంది.

సరే, ట్రే. చూడ్డానికి మన వామనగుంటల పీటలా ఉంటుంది. వరసగా గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో కేసు నిలబడుతుంది. అంతేగా అనుకోకండి. నా దృష్టిలో ఈ బల్ల మీద ప్రెస్ (కేసుని నొక్కి సైజు చేసే మిషన్) కంటే, తూకం కంటే ప్రాణం కాపాడే వస్తువు ఇదే. ఎందుకో చెప్తాను.

50 కేసుల్లో పౌడర్ పోశాక, బుల్లెట్ పెట్టేముందు టార్చ్ లైటు పట్టుకుని ట్రే మొత్తం పైనుంచి చూడాలి. అన్నిట్లోనూ పౌడర్ ఒకే ఎత్తులో కనిపించాలి. ఒకదాంట్లో ఎక్కువుంటే రెండుసార్లు పోసినట్టు. ఒకటి ఖాళీగా ఉంటే స్క్విబ్ అవుతుంది. అంటే ప్రైమర్ ఒక్కటే పేలి, బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోతుంది. అది గమనించకుండా రెండోది కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. రేంజ్‌లో పక్క బెంచీ ఆయనకి ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది. మామూలు చప్పుడు రాలేదు, "టప్" మని చిన్నగా వినిపించింది. రేంజ్ ఆఫీసర్ వెంటనే ఆపించాడు కాబట్టి సరిపోయింది. రాడ్డు పెట్టి కొడితే లోపలి బుల్లెట్ బయటికొచ్చింది.

.308 లాంటి రైఫిల్ కేసులో (ఇలాంటి అంకెలన్నీ తూటా రకాల పేర్లు) మామూలుగా పౌడర్ దాదాపు నిండుగా ఉంటుంది. రెండుసార్లు పోస్తే పైకి పొంగిపొర్లి దానంతటదే బయటపడుతుంది. పిస్టల్, రివాల్వర్ కేసులతోనే భయం. .38 స్పెషల్ చూడండి, అది నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కాలం నాటి కేసు, లోపల చాలా ఖాళీ. ఇప్పటి పౌడర్ రెండుసార్లు పోసినా అందులో నిక్షేపంగా పట్టేస్తుంది, బయటికి ఏమీ తెలీదు. కంటితో పట్టుకోవాల్సిందే. కేసులన్నీ నిటారుగా, ఒకే మట్టంలో నిలబడితేనే ఆ తేడా కంటికి ఆనుతుంది. గుంట అడుగు వంకరగా ఉంటే కేసు ఒరుగుతుంది, పౌడర్ ఒక పక్కకి జారుతుంది, ఎత్తు మోసం చేస్తుంది.

ఇదిగో, ఇక్కడే ఈ బిట్ గొప్పదనం. దగ్గరికి తెస్తాను చూడండి. మామూలు డ్రిల్ బిట్ గుంట అడుగున గరాటులా కోస్తుంది. నేను ఇంతకుముందు వాడిన స్పేడ్ బిట్‌కి మధ్యలో పొడుగాటి ముల్లు ఉంటుంది, అది అడుగున లోతైన బొక్క చేస్తుంది, అంచులు పీచుపీచుగా లేస్తాయి. ఫోర్స్‌ట్నర్ అలా కాదు. ముందు దీని అంచు చెక్క మీద సన్నటి గుండ్రటి గీత గీస్తుంది, ఆ తర్వాతే లోపలి బ్లేడ్లు చిత్రిక పట్టినట్టు పొరలు పొరలుగా లేపుతాయి. ఈ పొట్టు చూడండి, చుట్టలు చుట్టలుగా ఎలా వస్తోందో! మధ్యలో చిన్న చుక్క తప్ప గుంట అడుగు బల్లపరుపు. ఇక్కడ కణుపు అడ్డమొచ్చింది, అయినా పక్కకి జారలేదు. ఇది కనిపెట్టిన బెంజమిన్ ఫోర్స్‌ట్నర్ ఒరెగాన్ రాష్ట్రంలో సేలం ఊళ్లో ఉండేవాడు, 1874లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన తుపాకుల పనివాడు కూడా. అది తెలిశాక ఈ బిట్ మీద నాకు అభిమానం ఇంకా పెరిగింది.

ట్రే కొలతలు చెప్తాను, రాసుకోండి. చెక్క 2x6 ముక్క. పేరుకే 2x6, అసలు కొలత ఒకటిన్నర అంగుళం మందం, ఐదున్నర వెడల్పు. 10 అంగుళాల పొడవు కోయండి. అంచు నుంచి 1 అంగుళం వదిలి మొదటి గుంట నడిమి చుక్క, అక్కణ్ణుంచి 7/8 అంగుళానికి ఒకటి. వెడల్పులో 5, పొడవులో 10, మొత్తం 50. వెడల్పులో చివరి చుక్కల నుంచి రెండు వైపులా సరిగ్గా అంగుళం మిగులుతుంది. లోతు, .308 అయితే ముప్పావు అంగుళం. .45 ఏసీపీ కేసు పొడవే 0.9 అంగుళం లోపు, దానికి 3/8 చాలు, లేకపోతే తీసేటప్పుడు వేళ్లకి అందదు. డ్రిల్ ప్రెస్‌కి (స్టాండుకి బిగించిన డ్రిల్‌కి) డెప్త్ స్టాప్, అంటే అనుకున్న లోతు దగ్గర ఆపే అడ్డు, పెట్టుకోండి. పైన్ చెక్కకి నేను స్పీడు నిమిషానికి 1500 చుట్లు దాటించను. బిట్‌ని తరచూ పైకి లేపి పొట్టు దులపాలి. జిగురు పట్టేస్తే అంచు కాలుతుంది, గరాజంతా పొగ వాసన.

చెక్క విషయంలో ఒక జాగ్రత్త. కొత్త ఇళ్లు కట్టే చోట సూపర్‌వైజర్ని అడిగితే ముక్కలు ఇస్తారు, అడక్కుండా తీసుకోకండి. డెక్‌లకి వాడే పచ్చటి ట్రీటెడ్ చెక్క వద్దు. దాంట్లో రాగి మందు ఎక్కించి ఉంటారు, ఆ పొట్టు పీలిస్తే మంచిది కాదు, తేమగా ఉంటే లోహాన్ని కూడా తినేస్తుంది. పాలెట్ (సరుకులు పేర్చే చెక్క చట్రం) అయితే ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడి చేసిన చెక్క, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, ముట్టుకోకండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండిన సంగతికొస్తాను. సెట్‌లో పావు అంగుళం, 3/8, అర, 5/8, ముప్పావు, 7/8, ఒకటి. ఇవీ 7 బిట్లు. అమెరికాలో రీలోడ్ చేసేవాళ్లలో .223 చేయనివాళ్లు తక్కువ. దాని కేసు అడుగు భాగం వెడల్పు 0.378 అంగుళాలు. 3/8 అంటే 0.375. చూడండి, ఇదిగో పెడుతున్నాను, పోదు. అంచు మీదే కూర్చుంది. వెయ్యో వంతుల్లో మూడు తక్కువ! పోనీ అర అంగుళం గుంటలో పెడితే వదులై ఇలా ఒరుగుతోంది. 9 ఎంఎం కేసు అడుగు 0.392, దానికీ ఇదే కథ. ఎనిమిదో వంతు మెట్లతో వచ్చే సెట్లన్నీ ఇంతే, 16 బిట్లు ఇచ్చినా మధ్య సైజు ఉండదు. డబ్బా మీద మాత్రం "అన్ని పనులకీ" అని పెద్దక్షరాలు. నేను ఈ ఒక్క లోటు కోసమే మళ్లీ విడిగా 10 ఎంఎం బిట్ తెప్పించుకోవాల్సి వచ్చింది. .223కి అది చక్కగా సరిపోయింది. 9 ఎంఎంకి అది బిగుతు, 7/16 తీసుకోండి.

అర అంగుళం బిట్ సంగతి మాత్రం మనస్ఫూర్తిగా చెప్తున్నా, బంగారం. .308, థర్టీ ఆట్ సిక్స్, .243, .270, 6.5 క్రీడ్‌మోర్, వీటన్నిటి కేసు అడుగూ 0.473 అంగుళాలే. .45 ఏసీపీ 0.480, .38 స్పెషల్ 0.440. అన్నీ దాంట్లో హాయిగా దిగుతాయి. ఓక్ ముక్క మీద కూడా ప్రయత్నించాను, అంచు ఇంకా పదునుగానే ఉంది.

కాబట్టి నా మాట ఇది. ట్రే కోసమైతే ఈ సెట్ కొనకండి. ఇదే నాణ్యతలో అర అంగుళం బిట్ ఒక్కటి, మీ దగ్గర .223 ఉంటే 10 ఎంఎం ఒక్కటి, విడిగా కొనుక్కోండి. డోవెల్ (చెక్కల్ని కలిపే గుండ్రటి కొయ్య మేకులు) పనులు కూడా చేసేవాళ్లైతే సెట్ తీసుకోవచ్చు, ఆ పనులకి దీంట్లో వంక లేదు.

చివరగా పాలిష్ గురించి కామెంట్లలో అడుగుతున్నారు. గుంటలు ఇసుక కాగితంతో రుద్ది, పొట్టంతా దులిపి, ఉడికించిన అవిసె నూనె పల్చగా పూయండి. అది పూర్తిగా ఆరాకే కేసులు పెట్టండి. నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. బయట కంచె మీద విడదీసి ఆరేయండి. గరాజ్‌లో పౌడర్ డబ్బాలున్నవాళ్లు ఇది అస్సలు మర్చిపోవద్దు.