పేరు గడిలో ప్రశ్నార్థకాలు

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ ఇందాకే చదివేశారు కాబట్టి నేను మళ్లీ చదవను. ఈ రోజు ఆగస్టు 29. మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగు కోసం పోట్లాడిన మనిషి. ఆయన గురించి నాకంటే బాగా చెప్పేవారు ఇక్కడున్నారు. నాకిచ్చిన అంశం ‘వెబ్ పేజీల్లో తెలుగు’. రెండు భాగాలుగా రాసుకొచ్చాను గానీ, ముందు మా పిన్ని సంగతి చెప్పనివ్వండి.

లబ్ధిదారుల జాబితా ఒకటి నెట్‌లో పెట్టారు. ఏ ఆఫీసని అడక్కండి. తన పేరు చూడమంది పిన్ని. తెరిస్తే పేరు గడిలో వరసగా ప్రశ్నార్థకాలు. ఊరి గడిలోనూ అవే, పది. “ఇదేటి బాబూ, నా పేరెటెలిపోనాది?” అంది. వెళ్లి అడిగితే, “తెలుగు ఫాంటు ప్రాబ్లమండీ, ఇంగ్లీషులో రాసిచ్చేయండి” అన్నారు.

ఫాంటు కాదండీ! ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. వేయించుకుంటే పోతుంది. ఇంకో జబ్బుంది: తల మీద గీతున్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఏ, మళ్లీ డిగ్రీ. అది చూసి భయపడకండి, తెలుగు భద్రంగానే ఉంది. అక్షరాలను అంకెలుగా మార్చి దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో మన ‘శ’ మూడు బైట్లు, అంటే మూడు అంకెలు: 224, 176, 182. బ్రౌజరు వాటిని విడివిడిగా, ఇంగ్లీషు లాంటి భాషల అక్షరాలే ఉన్న పాత లాటిన్ పట్టికలో చూసుకుంటే 224 ఆ ఏ, 176 ఆ డిగ్రీ. అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో బ్రౌజరుకు చెప్పడానికి, పేజీ మొదటి 1024 బైట్లలోపే మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అని రాయాలి. పేజీని పంపే కంప్యూటరు, అదే సర్వరు, వేరే మాట చెబితే బ్రౌజరు సర్వరు మాటే వింటుంది, అదీ చూసుకోవాలి.

ప్రశ్నార్థకాల సంగతి అలా కాదు. పిన్ని ఊరు శ్రీకాకుళం. కంటికి నాలుగక్షరాలు. అన్ని భాషల లిపులకూ అంకెలిచ్చే పట్టిక యూనికోడ్‌లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, అలా లెక్కపెట్టండి, పది వస్తాయి. గడిలో పది ఎందుకున్నాయో తెలిసిందా? పేర్లు దాచే డేటాబేస్ పట్టికకు లాటిన్ అని పెట్టి వదిలేశారు. 2018లో ఎనిమిదో వెర్షన్ వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టేది అదే. అందులో తెలుగుకు చోటు లేదు. పట్టని ప్రతిదాని బదులూ ఒక ప్రశ్నార్థకం రాసుకుని ఊరుకుంది. ఇప్పుడు ఏ సెట్టింగు మార్చినా ఆ పేర్లు రావు. 1991 నుంచి యూనికోడ్‌లో ఉన్న లిపి మనది! ఒక్క వరస సరిచేయలేక ముసలమ్మను ఇంగ్లీషులో రాసుకోమంటారా? పంతులుగారి పుట్టినరోజున దండలేసి, మర్నాడు ఇదా?

ముందు వరసలో కాలేజీ పిల్లలున్నారు. మీరు పట్టిక కట్టేటప్పుడు యూటీఎఫ్-8 ఎంబీ4 పెట్టండి. జనం పేర్లు ఎక్కించే ముందు మీ అమ్మమ్మ పేరు తెలుగులో రాసి, దాచి, మళ్లీ తెరిచి చూడండి.

అధ్యక్షులవారు గంట కొట్టారు. రెండో భాగం, ఆంపర్సండ్ (&) గుర్తు గొడవ, ఇంకోసారి. ఆ ఆఫీసువారు ఎవరైనా ఈ హాల్లో ఉంటే ఒక్క మనవి: కాగితం దరఖాస్తులు పాత సామానువాడికి వేసేయకండి. ఆ పేర్లు ఇప్పుడు వాటిలోనే ఉన్నాయి. మళ్లీ ఎక్కించడానికి మనుషులు కావాలంటే మా పిల్లల్ని నేను తీసుకొస్తాను.