వాలుబల్ల మీద గోళీ: ఫోన్-ఇన్

యాంకర్: ఒంగోలు నుంచి కాలర్. చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. మా స్కూలుకి రెండు మీటర్ల వాలుబల్ల చేయించాం. ఒక కొసకు బందులు, రెండో కొస ఎత్తుగా ఉండేందుకు కింద ఇటుకలు. స్టీలు గోళీ వదిలితే టైము ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. వాచీ మార్చి చూశాం, అయినా అంతే...

నిపుణుడు: వాచీ సంగతి తర్వాత మాస్టారూ. రసమట్టం పెట్టి చూశారా?

కాలర్: చూశామండీ, పొడుగునా.

నిపుణుడు: పొడుగునా వాలేగా! అడ్డంగా చూడాలి. గాడి తీయించారా, అంచులకు బీడింగ్, అదే సన్న చెక్కపట్టీలు, కొట్టారా?

కాలర్: బీడింగేనండీ.

నిపుణుడు: అదీ సంగతి. గోళీ అటూ ఇటూ బీడింగ్‌కి తగిలి, తగిలినప్పుడల్లా వేగం పోగొట్టుకుంటుంది. పలక మధ్యలో 90 డిగ్రీల వీ గాడి తీయించండి. 25 మి.మీ. గోళీకి 24 మి.మీ. వెడల్పు, 12 లోతు. పలక అంగుళం మందం ఉండాలి. కింద రెండంగుళాల బద్ద నిలువుగా కొట్టించండి, లేకపోతే నడుము కుంగి వాలు ఒక్కోచోట ఒక్కోలా అవుతుంది. ఉప్పుకాగితం ముందు 120 నంబరుది, తర్వాత 220 నంబరుది రుద్దించండి.

కాలర్: మరి ఇటుకలు?

నిపుణుడు: తీసెయ్యండి. లేచే కొసకి ఇరుపక్కలా నిలువు బద్దలు పెట్టి, వాటిలో 9 మి.మీ. వెడల్పున నిలువుగా పొడవాటి కంతలు తీయించి, 8 మి.మీ. మరచుట్ల కడ్డీ వాటిలోంచి, పలక కింది బద్దలోంచి దూర్చండి. రెండు పక్కలా వాషరు, రెక్కల నట్టు. కింది బద్దలో రంధ్రం మాత్రం గుండ్రంగా వద్దు, పలక పొడుగునా 4 సెం.మీ. ఉండాలి. 30 సెం.మీ. ఎత్తితే కొస రెండు సెంటీమీటర్ల పైచిలుకు వెనక్కి జరుగుతుంది. గుండ్రటి రంధ్రమైతే పట్టేస్తుంది.

కాలర్: అయితే బీడింగ్ ఉంచుకుని, మట్టం సరిచేస్తే...

నిపుణుడు: గాడి తీయించండి మాస్టారూ! అడ్డంగా మట్టం చూడటం ఎలాగూ తప్పదు.

యాంకర్: ధన్యవాదాలండీ. ఖమ్మం.

కాలర్: సార్, గోళీ దూరం కొలిచే గీతలు ఎక్కడ పెట్టాలి?

నిపుణుడు: గోళీ వదిలే చోటు నుంచి 10, 40, 90, 160 సెంటీమీటర్ల దగ్గరమ్మా. వీ గాడి ఉన్న రెండు మీటర్ల బల్లకి కొస ఎత్తు 5 సెం.మీ. చాలు. సుమారు 1.2, 2.4, 3.6, 4.8 సెకన్లు పడతాయి. కాలం రెట్టింపైతే దూరం నాలుగింతలు. గెలీలియో 1638 నాటి పుస్తకంలో చెప్పింది ఇదే. ఆయన సన్నటి ధారగా కారిన నీటిని తూచి కాలం కొలిచాడు. నువ్వు గీత దగ్గర చెక్కముక్క అడ్డం పెట్టు, టక్కుమనగానే వాచీ ఆపు. గోళీని తోయకూడదు! స్కేలు అడ్డం పెట్టి, వాలు వైపుకే చటుక్కున తీసెయ్యి.

కాలర్: వేలితో వదిలితే?

నిపుణుడు: తోసినట్టే అవుతుంది తల్లీ.

యాంకర్: చివరి కాల్, క్లుప్తంగా.

కాలర్: జి సైన్ తీటాతో, అంటే గురుత్వ త్వరణాన్ని వాలు కోణం సైన్‌తో గుణించి లెక్కేస్తే వచ్చేదానికన్నా, గోళీ త్వరణం తక్కువొస్తోందండీ. రాపిడి వల్లేనా?

నిపుణుడు: కాదు. ఆ లెక్క జారే వస్తువుకి. దొర్లే గోళీ శక్తి కొంత తిరగడానికి పోతుంది. బల్లపరుపు పలక మీద 5/7 వంతు, 90 డిగ్రీల వీ గాడిలో 5/9 వంతే వస్తుంది. అంతకన్నా తగ్గితే, బల్ల అడ్డంగా మట్టం చూడండి.